దీపాల వెలుగు నేలకు దించండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆకాశ పరిశీలకుల బహిరంగ లేఖ

రెండు జిల్లాల్లో వీధిదీపాలు, హైమాస్ట్ లైట్లు, తీరప్రాంతం, పాఠశాలలు, రాత్రి గస్తీ బాధ్యతలు చూస్తున్న అధికారులకు. సర్పంచులకు, వార్డు సభ్యులకు. రొయ్యల చెరువుల యజమానులకు, కల్యాణ మండపాల నిర్వాహకులకు,

నమస్కారం.

తీరంలోని ఒక ఊళ్లో సముద్రం వైపు తిప్పి బిగించిన హైమాస్ట్ లైటు గురించి, మరికొన్ని ఊళ్లలో ఆకాశం వైపు ముఖం పెట్టిన వీధిదీపాల గురించి అర్జీలు ఇచ్చాం. రసీదులు ఇచ్చారు. తర్వాత ఫిర్యాదు పరిష్కారమైందని ఫోనుకు సందేశం వచ్చింది. ఆ దీపాలు ఈ రోజుకీ అలాగే వెలుగుతున్నాయి. అందుకే ఈ మాట అందరి ముందూ చెబుతున్నాం.

దీపాలు ఆర్పేయమని మేం అడగడం లేదు. పిల్లలు ట్యూషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో, బస్టాండు దగ్గర, వేట ముగించుకుని పడవలు చేరే చోట దీపం ఉండి తీరాలి. ఆ వెలుగు నేల మీద పడాలి, అవసరమైనంతే ఉండాలి, అవసరమైన వేళ వెలగాలి. మా కోరిక అంతే.

ఏం పోగొట్టుకుంటున్నామో ముందు చెప్పాలి. నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఒంగోలు 15.5 డిగ్రీల మీద. దేశానికి దక్షిణాన ఉన్నందువల్ల ఉత్తరాది వాళ్లకు లేని ఆకాశం మనకు దక్కింది. త్రిశంకు మండలంలో అన్నిటికంటే కింద ఉండే ఎక్రక్స్ నక్షత్రం ఢిల్లీలో అసలు ఉదయించదు. నెల్లూరులో అది దక్షిణ క్షితిజం మీద 12.5 డిగ్రీల ఎత్తుకు, ఒంగోలులో 11.4 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. చెయ్యి చాచి పిడికిలి బిగించి క్షితిజం మీద ఆనిస్తే ఆ పిడికిలి పది డిగ్రీలు. దానికి కొంచెం పైన అన్నమాట. చలికాలంలో అగస్త్య నక్షత్రం 23 డిగ్రీల దాకా లేస్తుంది.

మే నెల మధ్యలో, వైశాఖ మాసం పెళ్లిళ్ల రోజుల్లో, రాత్రి 10 గంటల ప్రాంతంలో నెల్లూరు ఆకాశంలో ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వరసలో మూడు ఆనవాళ్లు నిలుస్తాయి. ఉత్తరాన 49 డిగ్రీల ఎత్తులో వశిష్ఠుడు, ఆయన్ని అంటిపెట్టుకుని అరుంధతి. దక్షిణం వైపు 64 డిగ్రీల ఎత్తులో చిత్త. దాని సూటిగా కింద 28 డిగ్రీల ఎత్తులో ఒమేగా సెంటారి తారాగుచ్ఛం. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి దాకా నక్షత్రాలు ఒకచోట చేరిన ముద్ద అది. ప్రకాశం కొలతలో దీని అంకె 3.9; ఈ అంకె తగ్గేకొద్దీ చుక్క వెలుగు ఎక్కువని అర్థం. చీకటి ఉన్న చోట మామూలు కంటికే మసక చుక్కలా తెలుస్తుంది. 6 అంగుళాల దర్పణం ఉన్న టెలిస్కోపులో చూస్తే అంచుల్లో విడివిడి చుక్కలు బయటపడతాయి. ఇంత పెద్ద గోళాకార గుచ్ఛం మన పాలపుంతలో ఇంకొకటి లేదు.

తక్కువ ఎత్తులో ఉండటమే వీటికి చిక్కు. 12 డిగ్రీల ఎత్తున ఉన్న నక్షత్రం వెలుగు మన కంటికి చేరాలంటే, నడినెత్తిన ఉన్న నక్షత్రంతో పోలిస్తే సుమారు నాలుగున్నర రెట్ల గాలిని దాటి రావాలి. దూరపు ఊళ్ల వెలుగు పోగుపడేదీ ఆ ఎత్తులోనే. కాబట్టి దీపాలు తప్పుగా పెడితే మొదట మాయమయ్యేవి మన ప్రాంతానికి ప్రత్యేకంగా దక్కిన ఈ దక్షిణపు చుక్కలే.

తప్పు ఎక్కడ జరిగిందంటే

జాతీయ వీధిదీపాల కార్యక్రమం 2015 జనవరిలో మొదలయ్యాక సోడియం దీపాల స్థానంలోకి ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అయింది. అది మంచి పని, దాన్ని వెనక్కి తిప్పమని ఎవరమూ అనం. కొనేటప్పుడూ బిగించేటప్పుడూ మూడు విషయాలు పట్టించుకోలేదు.

మొదటిది రంగు. పెట్టె మీద 5700కె, 6500కె అని ఉండే (కె అంటే కెల్విన్, వెలుగు రంగుకు కొలత; అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ) చల్లని తెలుపు దీపంలో 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతి బలంగా ఉంటుంది. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ గాలి అణువులు కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. అది నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది. ఆ ప్రకారం 450 నానోమీటర్ల నీలం, 600 నానోమీటర్ల నారింజ రంగు కంటే మూడు రెట్లకు పైగా చెదురుతుంది. పాత పసుపు దీపాల కాలంలో లేని తెల్లటి మసక ఇప్పుడు ఊళ్ల మీద కమ్ముకోవడానికి ఇది పెద్ద కారణం.

రెండోది వంపు. మాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే సరిచేయడం చాలా తేలిక. ఎల్ఈడీ వీధిదీపం అడుగు భాగం చదునుగా ఉంటుంది. దాన్ని నేలకు సమాంతరంగా బిగిస్తే క్షితిజానికి పైకి వెలుగు దాదాపు పోదు. పాత స్తంభాల చేతులు మాత్రం 15, 20 డిగ్రీలు పైకి లేచి ఉంటాయి. కొత్త దీపాన్ని ఆ చేతికే తొడిగేస్తే దాని ముఖం కూడా అంతే పైకి తిరుగుతుంది. చిన్న లెక్క చూడండి. 8 మీటర్ల ఎత్తున ఉన్న దీపం నుంచి, నిట్టనిలువు గీతకు 75 డిగ్రీల కోణంలో బయలుదేరిన కిరణం స్తంభానికి 30 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. 80 డిగ్రీలైతే 45 మీటర్లు. 85 డిగ్రీలైతే 91 మీటర్లు. 30 మీటర్లకొక స్తంభం ఉన్న వీధిలో 75 డిగ్రీలు దాటిన వెలుగుతో రోడ్డుకు పని లేదు. అది ఎదురొచ్చేవాళ్ల కళ్లలో, మేడ మీద గదుల్లో, ఆకాశంలో పడుతుంది.

మూడోది మోతాదు. వీధి వెలుతురుకు ఐఎస్ 1944 అనే భారతీయ ప్రమాణం ఉంది. దాని ప్రకారం వాహనాల రద్దీ బాగా ఉండే ప్రధాన రహదారికి సగటున 30 లక్సులు (లక్సు అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత), రాకపోకలు తక్కువగా ఉండే వీధికి 4 లక్సులు. పౌర్ణమి వెన్నెల ఒక లక్సులో మూడో వంతు కూడా ఉండదు. అంటే 4 లక్సులంటేనే వెన్నెలకు పది రెట్ల పైమాట. నాలుగు ఇళ్లున్న కూడలికి, పడవలు నిలిపే ఇసుకకు హైమాస్ట్ వేసేముందు ఈ అంకె ఎవరైనా చూశారా అన్నదే మా ప్రశ్న.

దీనివల్ల ఎవరికి ఏం జరుగుతోంది

1. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు: వెలుగు ఎక్కువైతే దారి బాగా కనపడుతుందన్నది అన్నివేళలా నిజం కాదు. పక్క నుంచి కంట్లో పడే తెల్లటి కాంతికి కంటిపాప ముడుచుకుంటుంది, దీపం వెనక ఉన్న గేదె, గుంట, మనిషి కనపడరు. శుక్లాలున్న పెద్దవాళ్లకు కంటిలోపలే ఆ కాంతి చెదిరి ఎదురుగా అంతా తెల్లగా అలుముకుంటుంది. కన్ను మళ్లీ చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

2. మత్స్యకారులకు: తెల్లవారుజామున పడవ ఒడ్డుకు తెచ్చేటప్పుడు అల ఎక్కడ విరుగుతోందో కనపడాలి. సముద్రం వైపు తిప్పిన ఫ్లడ్‌లైటు ఆ సమయంలోనే కళ్లకు అడ్డం వస్తుంది. ఇసుక మీద వలలు సర్దుకునే చోట వెలుగు కావాలి, నీళ్ల మీద కాదు.

3. తాబేళ్లకు: జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో వంద గుడ్లు అటూ ఇటూ. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి, అదీ ఎక్కువగా రాత్రిపూటే. ఇసుకలోంచి తల బయటపెట్టగానే వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు, క్షితిజం తక్కువ ఎత్తులో కనిపించే వైపు నడవడం వాటి స్వభావం. మనుషుల దీపాలు లేని తీరంలో అది సముద్రమే. హైమాస్ట్ ఉన్న చోట అవి ఊరి వైపు, రోడ్డు వైపు పాకుతాయి. కుక్కలకు, కాకులకు, బండి చక్రాలకు దొరుకుతాయి, లేదంటే పొద్దెక్కాక ఎండకు చస్తాయి. తల్లి తాబేళ్లు కూడా వెలుగున్న ఒడ్డుకు రావడానికి వెనకాడతాయి. ఇది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న ప్రాణి. గూళ్ల చుట్టూ కంచె కట్టి, పక్కనే దీపం వదిలేస్తే పడిన శ్రమ సగం వృథా.

4. పెళ్లిళ్లకు: అరుంధతి ప్రకాశం 4.0, వశిష్ఠుడిది 2.2. పల్లె చీకట్లో రెండూ కంటికి ఆనతాయి. ఆకాశంలోకి తిరిగే స్కై బీములు, గేటు మీద ఫ్లడ్‌లైట్లు ఉన్న మండపం ముందు నిలబడితే వశిష్ఠుడే కష్టం, అరుంధతి కనపడదు. పురోహితుడు చూపుతాడు, వధూవరులు తల ఊపుతారు, ఎవరూ చూడరు. రాత్రి ముహూర్తాల్లో ఆ పది నిమిషాలైనా పైకి తిరిగిన దీపాలు ఆపితే ఆ తంతు నిజంగా జరుగుతుంది.

5. పిల్లలకు: చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి ఎగిరింది 2023 జులై 14న. రాకెట్లు లేస్తే మన మేడల మీద నుంచే కనిపిస్తాయి. ఇంత దగ్గరగా పెరుగుతున్న పిల్లలకు పాలపుంత పాఠంలో బొమ్మగానే తెలుసు.

6. పంచాయతీ ఖజానాకు: 200 వాట్ల దీపాలు ఎనిమిది ఉన్న హైమాస్ట్ 1600 వాట్లు తీసుకుంటుంది. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా సగం దీపాలు ఆపితే రోజుకు 4.8 యూనిట్లు, ఏడాదికి 1752 యూనిట్లు మిగులుతాయి. ఇది ఒక్క స్తంభం లెక్క.

మేం కోరుతున్నవి

1. ఒక రాత్రి నడిచి చూడండి. అమావాస్యకు దగ్గరగా ఉన్న రాత్రి, 8 గంటల తర్వాత, దీపానికి 50 మీటర్ల దూరంలో నిలబడండి. లోపలి ఎల్ఈడీ చుక్కలు విడివిడిగా కంట్లో గుచ్చుకుంటున్నాయంటే ఆ దీపం వంపు సరిచేయాలి, లేదా దానికి మూత కావాలి. స్తంభం నంబరు రాసుకోండి. లక్స్ మీటరుతో స్తంభం కింద ఒకసారి, రెండు స్తంభాల నడుమ ఒకసారి, నేల మట్టంలో కొలవండి. ఫోనులోని యాప్ ఈ పనికి నమ్మదగినది కాదు. తర్వాత కృత్తికలు చూడండి. జనవరిలో సాయంత్రం పూట అవి నెత్తి మీదికి వస్తాయి. ఆరు చుక్కలు లెక్కపెట్టగలిగితే ఆకాశం ఫరవాలేదు. ఏడోది కనపడితే బాగుంది. గుంపు మొత్తం ఒక మసకలా మిగిలితే వెలుగు చాలా ఎక్కువైంది. ఈ జాబితా వార్డుల వారీగా, పంచాయతీల వారీగా నోటీసు బోర్డులో పెట్టండి.

2. వంపు తీసేయండి. చాలా దీపాలకు చేతి దగ్గర రెండు బోల్టుల బిగింపు ఉంటుంది. వదులు చేసి, మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి, ముఖం నేలకు సమాంతరంగా వచ్చేలా తిప్పి బిగిస్తే చాలు. తిరగని రకమైతే చేతికీ దీపానికీ మధ్య కోణం మార్చే అడాప్టర్ వేయాలి. నిచ్చెన బండి ఎలాగూ దీపాలు మార్చడానికి వీధిలోకి వస్తుంది, అదే రోజు ఈ పని కూడా చేయించండి.

3. తిప్పినా కంట్లో పడుతుంటే మూత వేయండి. 1 మిల్లీమీటరు అల్యూమినియం రేకు, లోపలి వైపు మెరుపు లేని నల్లరంగు. దీపం అంచు కంటే 10 సెంటీమీటర్లు కిందికి దిగితే పక్కలకు పోయే వెలుగు బాగా తగ్గుతుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. రేకును స్క్రూలతో దీపం ఒంట్లోకి బిగిస్తే ఆ రంధ్రాల్లోంచి వాన నీరు, ఉప్పు తేమ లోపలికి పోయి దీపానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ అనే భాగం కాలిపోతుంది. కాబట్టి రంధ్రం వేయకుండా స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీతోనే బిగించాలి. వెనకవైపు వేడి పోయే రెక్కలను కప్పేస్తే ఎల్ఈడీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది, వాటిని తెరిచే ఉంచాలి. తీరం ఊళ్లలో మామూలు ఇనుప బోల్టులు వాడొద్దు, తుప్పు పట్టి రేకు కింద పడే ప్రమాదం ఉంది.

4. ఇకముందు పిలిచే టెండర్లలో 3000కె మించిన దీపాలు వద్దని రాయండి. క్షితిజానికి పైకి సున్నా వెలుగు, స్తంభం మీద సమాంతరంగా బిగింపు అన్నవి కూడా షరతుల్లో ఉండాలి. పాడైన దీపం మార్చేటప్పుడు ఈ రకమే వేస్తూ పోతే అదనపు ఖర్చు అంటూ పెద్దగా ఉండదు.

5. వేళలు సరిచేయండి. నెల్లూరులో జూన్ చివర పొద్దు 6:40కి కుంకుతుంది, నవంబరు చివర 5:38కే. ఏడాదంతా ఒకే సమయానికి పెట్టిన టైమర్ వల్ల ఒక కాలంలో పగలే దీపాలు వెలుగుతాయి, ఇంకో కాలంలో చీకటి పడ్డాక గానీ వెలగవు. తేదీని బట్టి సూర్యాస్తమయాన్ని లెక్కగట్టే టైమర్లు ఉన్నాయి. నియంత్రణ పెట్టెలు ఉన్న చోట వాటిలోనే ఆ అమరిక చేయొచ్చు. రాత్రి 11 తర్వాత హైమాస్ట్‌లలో సగం దీపాలు ఆపండి. మలుపులు, ఆసుపత్రి, బస్టాండు, పోలీసు స్టేషను దగ్గర మాత్రం వద్దు.

6. జనవరి నుంచి మే చివరి దాకా తీరంలో ఇసుక మీద పడే ప్రతి దీపాన్ని సముద్రం వైపు మూసి, లోపలి వైపు తిప్పండి. పడవలు చేరే చోట నారింజ రంగు దీపం తక్కువ ఎత్తులో పెడితే మనుషుల పని ఆగదు, తాబేళ్లకూ అంతగా ఇబ్బంది ఉండదు. తీరంలో ముందు చేయాల్సిన పని ఇది.

7. రొయ్యల చెరువుల యజమానులకు మా విన్నపం. ఏరేటర్ల దగ్గర, మేత గది దగ్గర, గట్టు మీద కాపలా దగ్గర వెలుగు ఉండాలి, కాదనం. గట్టు చివర స్తంభానికి అడ్డంగా కట్టిన ఫ్లడ్‌లైటును కిందికి వంచి, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ పెట్టండి. దొంగ వస్తే ఉన్నట్టుండి వెలిగిన దీపమే కాపలావాడికి ఎక్కువ పనికొస్తుంది.

8. జిల్లాకొక చీకటి ఆకాశ ప్రాంతాన్ని ప్రకటించండి. ఇది దేశానికి కొత్త కాదు. లద్దాఖ్‌లో హాన్లే చుట్టూ 1,073 చదరపు కిలోమీటర్లను 2022లో చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి 2024లో ఇలాంటి గుర్తింపు వచ్చింది. అక్కడి గ్రామాల్లో వీధిదీపాలను నేలవైపు చూసేలా మార్చారు. మనకు వెలికొండల దగ్గర ఉదయగిరి, సీతారామపురం వైపు, భైరవకోన వైపు ఇంకా మంచి చీకటి మిగిలి ఉంది. అక్కడి ఊళ్లలో కొత్త దీపాలు వేసే ముందే పై షరతులు అమలు చేస్తే తర్వాత సరిదిద్దాల్సిన పని ఉండదు.

9. రాత్రి పరిశీలనకు అనుమతి ఎలా తీసుకోవాలో ఒక పద్ధతి పెట్టండి. చీకట్లో మూడు కాళ్ల మీద నిలబెట్టిన గొట్టం చూసి గస్తీ సిబ్బందికి అనుమానం రావడం సహజమే, వాళ్ల తప్పు లేదు. అమావాస్యకు దగ్గరి శనివారం, ముందుగా చెప్పిన చోట, పేర్ల జాబితా స్టేషనులో ఇచ్చి, ఫలానా వేళకు ముగిస్తామని రాసిస్తాం. ఆకుపచ్చ లేజరు ఒక్కరి చేతిలోనే ఉంటుంది, విమానాల వైపు గానీ పడవల వైపు గానీ చూపం. వాహనాల హెడ్‌లైట్లు దూరంగా ఆపుతాం, ఎర్ర టార్చీలే వాడతాం. చెత్త వదలం.

10. బడులకు రాత్రి ఆకాశం చూపే రోజు ఫిబ్రవరి 28న వచ్చే జాతీయ సైన్స్ దినోత్సవానికి దగ్గరగా పెట్టండి. జాతీయ అంతరిక్ష దినోత్సవం ఆగస్టు 23. ఆ నెలలో మబ్బులే ఎక్కువ. మనకు ఈశాన్య రుతుపవనం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసి, జనవరి నుంచి ఆకాశం తేరుకుంటుంది. మొదటిసారి చూసే పిల్లలకు శుక్ల అష్టమి చుట్టుపక్కల రోజులు మేలు, వెలుగునీడల సరిహద్దులో చంద్రుడి గుంటలు స్పష్టంగా తెలుస్తాయి, పట్టణంలోని బడి ఆవరణ కూడా సరిపోతుంది. 60 మంది పిల్లలకు రెండు టెలిస్కోపులు పెడితే, ఒక్కొక్కరికి నిమిషం చొప్పున ఒక్కో వస్తువుకు అరగంట పడుతుంది. మోటారు లేని టెలిస్కోపులో భూమి తిరగడం వల్ల చంద్రుడు రెండు నిమిషాల్లో నడుమ నుంచి పక్కకు జరిగిపోతాడు. అందుకని ప్రతి టెలిస్కోపు దగ్గర తిప్పడం తెలిసిన మనిషి ఒకరు, పొట్టి పిల్లలకు గట్టి పీట ఒకటి ఉండాలి. మనుషులను, టెలిస్కోపులను మేం తెస్తాం. ఆ రెండు గంటలు ఆవరణలోని ఫ్లడ్‌లైట్లు ఆపించడం, పిల్లలను ఇళ్లకు క్షేమంగా చేర్చే ఏర్పాటు చూడటం మీ వంతు.

మొదటి, రెండో, ఆరో అంశాల మీద ఎవరు ఎప్పటిలోగా ఏం చేస్తారో నెల రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి. వంపు సరిచేసే పని, తీరంలో దీపాలు మూసే పని తాబేళ్లు ఒడ్డుకు రావడం మొదలయ్యే జనవరికి ముందే పూర్తి కావాలి. జాబితా తయారు చేయడానికి మనుషులు చాలకపోతే కబురు పెట్టండి, లక్స్ మీటర్లు పట్టుకుని మీ సిబ్బందితో పాటు నడుస్తాం.

ఇట్లు,
నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఆకాశ పరిశీలకులు